నీలివర్ణంతో కొలత: యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు పేరు వినగానే మనకు మందులు స్ఫురిస్తాయి. ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు వాడే హెట్రజాన్, ఆరియోమైసిన్ మున్నగునవి ఆయన సారథ్యంలో లెడర్లీ ప్రయోగశాలలనుండి వెలువడినవే. అయితే ఇక్కడ ప్రస్తావించదలచినది అంతకు ఇరవై ఏండ్ల ముందటి ఒక చిన్న కొలతను గూర్చి.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. (ఫలితాలు వెలువడిన నాడు ముఖం చాటువేసే విద్యార్థులు ఈ సంగతి గమనింతురు గాక!) మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. 1923 అక్టోబరులో బోస్టన్ చేరిన పిమ్మట స్వదేశాన్ని మరల చూడనే లేదు. తాను వెళ్ళిన తరువాత పుట్టిన కుమారుడు శైశవంలోనే కన్నుమూశాడు. ఆ బిడ్డ ముఖమైనా తండ్రి చూడలేదు.

పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో కూలిపని. అట్టి దినాలు గడిపిన సుబ్బారావు, హార్వర్డులో ఫిస్కెతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించాడు. ఆమ్లద్రవంలో ఫాస్ఫేటును మాలిబ్డేటుతో కలిపి క్షయకరణం గావిస్తే నీలిరంగు పుడుతుంది. రంగు ఎంత చిక్కనిదైతే భాస్వరం అంత అధికం. రసాయనశాస్త్రం చేపట్టిన మన చంద్రగిరి విద్యార్థి యెవరైనా కలోరిమీటరు ఎదుట నిలిచినప్పుడు ఈ సూత్రమే కంటపడుతుంది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఎ.టి.పి. కనుగొనడానికి కూడ ఈ కొలతయే ఊతమైనది.

దీనికి పసిబిడ్డల ఊపిరితో సంబంధమేమి? ఊపిరితిత్తులలోని సూక్ష్మమైన గాలిగదులు నిశ్వాసవేళ ముడుచుకొని అతుక్కుపోకుండా సర్ఫాక్టెంట్ అనే పలుచని పొర కాపాడుతుంది. అందులో సుమారు 90 శాతం కొవ్వులు, వాటిలో అత్యధికం భాస్వరం గల ఫాస్ఫోలిపిడ్లు, మిగిలినది ప్రొటీన్లు. నెలలు నిండక పుట్టి ఊపిరాడక మరణించిన శిశువులకు ఈ పదార్థమే కొరవడినదని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ నిరూపించారు. 1963లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కుమారుడు ఈ వ్యాధితోనే రెండు దినాలు నిండక మునుపే మరణించాడు. ఆ 1959లోనే బార్ట్‌లెట్ సుబ్బారావు పద్ధతిని సవరించి ఫాస్ఫోలిపిడ్ల కొలతకు అనువుగా మలిచాడు. సర్ఫాక్టెంట్ పరిశోధకులు దానిని విరివిగా వాడుకొన్నారు.

ప్రొటీన్ల సంగతి వేరు. నీలిరంగు వాటిని పట్టలేదు. నేడు బరువైన కార్బన్ చేర్చిన ల్యూసిన్‌ను శిశువు రక్తనాళంలోకి ఎక్కించి, అది శ్వాసనాళపు ద్రవంలోని ప్రొటీనులో ఎప్పుడు పొడసూపునో, ఎంత వేగంగా తరుగునో లెక్కిస్తారు.

ఇంతటి పరిశోధకునికి హార్వర్డు స్థిరమైన పదవి ఇవ్వలేదు. 1940లో ఆయన లెడర్లీకి తరలిపోయాడు. సర్ఫాక్టెంట్ లోపం సంగతి లోకానికి తెలియడానికి పదకొండేండ్ల ముందే, 1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయసున, న్యూయార్కు రాష్ట్రంలో మరణించాడు.