గెలీనారాయితో వెలుగును పట్టిన జగదీశచంద్ర బోసు

మన రాయచూరు జిల్లాలో బిడ్డను తెలుగుబడిలో చేర్చవచ్చిన తల్లిదండ్రులు మమ్ము తరచు అడుగు ప్రశ్న ఒకటి కలదు: ఈ చదువుతో విజ్ఞానశాస్త్రము అబ్బునా అని. అది వినినప్పుడెల్ల మాకు జగదీశచంద్ర బోసుగారి తండ్రి జ్ఞప్తికి వచ్చును.

బోసుగారు 1858 నవంబరు 30వ తేదీన, నేడు బంగ్లాదేశములోనున్న మైమెన్‌సింగులో జన్మించిరి. తండ్రి భగవాన్ చంద్రగారు ప్రభుత్వోద్యోగి. అట్టి హోదా గలవారు కొడుకులను ఇంగ్లీషు బడికే పంపు కాలమది. ఆయన మాత్రము కుమారుని వంగభాషా పాఠశాలలో చేర్చెను. అచ్చట ఒక ప్రక్క ముసల్మాను బంట్రోతు కొడుకు, మరియొక ప్రక్క జాలరి కొడుకు. వారు చెప్పిన పక్షుల, జలచరముల కథలే తనలో ప్రకృతిని పరిశోధించు కోరికను రేపెనని బోసుగారు తరువాతి కాలమున చెప్పుకొనిరి. ఇంగ్లీషు అక్కరలేదని మేమనుట లేదు. ఆయనయు దానిని పిదప కలకత్తాలో నేర్చిరి, కేంబ్రిడ్జిలో చదివిరి.

1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యులైరి. ఐరోపావారికంటె తక్కువ జీతము నిర్ణయింపగా, మూడేండ్లు పాఠములు చెప్పుచునే జీతము ముట్టరైరి. తుదకు ప్రభుత్వమే దిగివచ్చి బాకీతో సహా పూర్తి జీతము చెల్లించెను.

ఇక గెలీనా సంగతి. అది సీసమును గంధకమును కలిసిన, లోహమువలె మెరయు ఖనిజము. పల్నాటి అగ్నిగుండాల గనులలో తీసిన సీసపు ఖనిజమదియే. కంటికి పెట్టు సుర్మా కొన్నిచోట్ల దీని పొడియే. (సీసము విషము గనుక పిల్లలకు పెట్టరాదు.) ఈ రాతికి బ్యాటరీని గాల్వనామీటరును కలిపి బోసుగారు పరీక్షించిరి. విద్యుత్తరంగములు సోకినను, వెలుగు సోకినను సూచి కదలెను! తేజస్సును పట్టునది గనుక దీనికి తేజోమీటరని పేరిడిరి. 1901లో అర్జీ పెట్టగా 1904 మార్చి 29న అమెరికాలో పేటెంటు లభించెను.

గెలీనా వంటి పదార్థములను అర్ధవాహకములందురు. బోసుగారి అమరికలో బ్యాటరీ ఉండెను. నేడు దానినికూడ తొలగించిన కాంతిశోధకములు కలవు. రెండు విధముల అర్ధవాహకములు కలియు సరిహద్దున తనంతట తానే ఒక విద్యుత్‌క్షేత్రము ఏర్పడును. వెలుగు విడిపించిన ఎలక్ట్రానులను ఆ క్షేత్రమే ఒకవైపునకు త్రోయగా, బయటి బ్యాటరీ లేకయే విద్యుత్తు ప్రవహించును. ఇంటికప్పులపై సౌరఫలకములు పనిచేయునదియు ఈ విధముననే. ఏ వెలుగును పట్టవలెనన్నది పదార్థమును బట్టి యుండును. కంటికి కనబడు కాంతికి సిలికాన్, అతినీలలోహిత కిరణములకు జింక్ ఆక్సైడు, గాలియం ఆక్సైడు, పరారుణ కిరణములకు సీసపు గంధకము. ఈ కడపటిది మరేదియో కాదు, బోసుగారి గెలీనాయే.

ఇంత పేరు వచ్చినను బోసుగారు మాతృభాషను విడువలేదు. 1921లో తమ వంగభాషా వ్యాసములను అవ్యక్త అను గ్రంథముగా వెలువరించిరి. 1937 నవంబరు 23న గిరిడీలో కన్నుమూసిరి. ట్రాన్సిస్టరును కనుగొన్నవారిలో ఒకరైన బ్రాటెన్ 1955లో అర్ధవాహకముల చరిత్రను వ్రాయుచు, రేడియో తరంగములను స్ఫటికముతో మొదట పట్టిన ఘనతను బోసుగారికే ఇచ్చెను.