డెనిస్ చావెజ్ సెనేట్‌లో అడిగింది

2024 అధ్యక్ష ఎన్నికల్లో టెక్సాస్ దక్షిణపు అంచున, రియో గ్రాండె నది ఒడ్డున ఉన్న స్టార్ కౌంటీ రిపబ్లికన్ అభ్యర్థికి ఆధిక్యం ఇచ్చింది. జనాభాలో నూటికి తొంభై అయిదు మందికి పైగా హిస్పానిక్‌లు ఉన్న ఆ కౌంటీ అంతకుముందు రిపబ్లికన్లను గెలిపించింది 1892లో. ఆ ఫలితం తర్వాత వెలువడిన వ్యాఖ్యానాలు చదువుతుంటే నాకు కొత్తగా అనిపించలేదు. తమ సొత్తనుకున్న ఓటు చేజారగానే, వేసినవాడికి తన మేలు తనకు తెలియదని తేల్చేయడం మన దగ్గరా ఉన్నదే. దళితులు, వెనుకబడిన కులాలవారు పార్టీ మార్చిన ప్రతిసారీ ఈ మాట వింటూనే ఉన్నాం. హిస్పానిక్‌లు పుట్టుకతో డెమోక్రాట్లు అన్న నమ్మకం ఎంత నిరాధారమో తెలియాలంటే డెనిస్ చావెజ్ జీవితాన్ని పరిశీలించాలి. న్యూ మెక్సికో నుంచి 27 ఏళ్లపాటు సెనేటర్‌గా ఉండి 1962లో మరణించిన నాయకుడాయన.

1888 ఏప్రిల్ 8న లాస్ చావెజ్ అనే పల్లెలో ఆయన పుట్టేనాటికి న్యూ మెక్సికో ఇంకా రాష్ట్రం కాదు. మెక్సికోతో యుద్ధం చేసి అమెరికా గెలుచుకున్న భూభాగం అది. 1848 నాటి గ్వాడలూపె హిడాల్గో ఒడంబడిక అక్కడి ప్రజలకు పౌరసత్వాన్ని, ఆస్తులకు రక్షణను వాగ్దానం చేసింది. పౌరసత్వం కాగితం మీద మిగిలింది. తరతరాల ఉమ్మడి భూముల్లో చాలాభాగం కోర్టు వ్యాజ్యాలలో కరిగిపోయింది. చావెజ్ పూర్వీకులు ఎక్కడి నుంచో వచ్చి అమెరికాలో చేరినవారు కారు, ఉన్న ఊళ్లోనే ఉండగా దేశం మారిపోయినవారు.

కుటుంబం 1895లో ఆల్బకర్కీ పట్టణానికి చేరింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు దియోనిసియో. బడిలో అది డెనిస్ అయింది. పేదరికం వల్ల పదమూడో ఏట చదువు మానేసి, కిరాణా కొట్టు బండి తోలే పనిలో చేరారు. సమ్మెను దెబ్బతీయడానికి వచ్చిన కూలీలకు సరుకులు చేరవేయనని నిరాకరించినందుకు ఆ కొలువు పోయిందని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. పగలు పని, రాత్రి ఊరి గ్రంథాలయం. ఆ తర్వాత నగర ఇంజనీరింగ్ విభాగంలో కొన్నేళ్లు పనిచేశారు.

తండ్రి డేవిడ్ రిపబ్లికన్. అందులో వింతేమీ లేదు. ఆనాటి న్యూ మెక్సికోలో హిస్పానిక్‌లలో అత్యధికులు రిపబ్లికన్లే. గొర్రెల మందలూ భూములూ ఉన్న ‘పాట్రన్’ చెప్పిన పెట్టెలో పల్లె ఓటు పడేది. పాట్రన్ అంటే మన తెలంగాణ దొరకు దూరపు చుట్టం అనుకోవచ్చు. అప్పు ఇచ్చేదీ, తగవు తీర్చేదీ, ఓటు పంపేదీ ఆయనే. ఆ దొరలు వాషింగ్టన్‌లో అధికారంలో ఉన్న పార్టీతో ఉండేవారు. తన వాళ్ల ఓట్లు తీసుకునే పార్టీ వాళ్లకు తిరిగి ఇచ్చేదేమిటన్న ప్రశ్న యువ చావెజ్‌ను డెమోక్రాట్‌ను చేసింది.

ఇక్కడ మరో మనిషిని తలచుకోకుండా ముందుకు పోలేను. మెక్సికోలో పుట్టి న్యూ మెక్సికోలో స్థిరపడిన ఆక్టావియానో లారాజోలో చాలాకాలం డెమోక్రాట్. 1910లో రాష్ట్ర రాజ్యాంగం రాసినప్పుడు స్పానిష్ మాట్లాడేవారి ఓటుహక్కుకు రక్షణ ఉండాలని పట్టుబట్టినవారిలో ఆయన ముఖ్యుడు. ఇంగ్లిషు రాదన్న కారణంతో ఎవరి ఓటూ తీసేయరాదని ఆ రాజ్యాంగం శాసించింది. ఆ నిబంధనను మార్చాలంటే నాలుగింట మూడు వంతుల ఓటర్లు ఒప్పుకోవాలి. మరుసటి ఏడాదే పదవుల అభ్యర్థిత్వాల్లో హిస్పానిక్‌లకు తగిన వాటా ఇవ్వడానికి డెమోక్రాట్లు సిద్ధపడకపోవడంతో లారాజోలో రిపబ్లికన్లలో చేరి, తర్వాత గవర్నర్ అయ్యారు. 1928లో సెనేట్‌కు ఎన్నికైన మొదటి హిస్పానిక్ కూడా ఆయనే. ఒకే రాష్ట్రం, ఒకే ఫిర్యాదు. లారాజోలో అటు వెళ్లారు, చావెజ్ ఇటు వచ్చారు. వీరిలో ఎవరు జాతిద్రోహి? ఆ ప్రశ్నే అర్థంలేనిదని నా అభిప్రాయం.

1916లో సెనేట్‌కు పోటీ చేసిన ఆండ్రియస్ జోన్స్‌కు చావెజ్ ప్రచారంలో దుబాసీగా తిరిగారు. గెలిచిన జోన్స్ ఆయనకు సెనేట్‌లో గుమాస్తా ఉద్యోగం ఇప్పించారు. హైస్కూలు పట్టా లేని ఆ గుమాస్తా ప్రత్యేక పరీక్ష రాసి జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో చేరి 1920లో న్యాయశాస్త్ర పట్టభద్రుడయ్యారు. రాష్ట్ర శాసనసభలో ఉన్న కొద్దికాలంలో బడిపిల్లలకు ఉచిత పాఠ్యపుస్తకాల బిల్లు తెచ్చారు. 1930లో కాంగ్రెస్ దిగువసభకు గెలిచారు.

ఆపైన మాంద్యం వచ్చింది. రూజ్వెల్ట్ ప్రభుత్వం ఉపాధి పనులు మొదలుపెట్టడంతో కూలిడబ్బు పాట్రన్ చేతి మీదుగా కాక నేరుగా పల్లెకు చేరింది. దొర పట్టు సడలింది, దానితోపాటు ఓటూ కదిలింది. అయితే ఒక్కరోజులో కాదు. 1934లో చావెజ్ సెనేట్‌కు పోటీ చేసినప్పుడు ప్రత్యర్థి బ్రాన్సన్ కటింగ్ రిపబ్లికనే అయినా సంస్కరణవాది, హిస్పానిక్ పల్లెల్లో అభిమానం సంపాదించినవాడు. సుమారు 1,300 ఓట్ల తేడాతో చావెజ్ ఓడిపోయి, ఫలితాన్ని సవాలు చేశారు. ఆ వివాదం నడుస్తుండగానే 1935 మేలో కటింగ్ విమాన ప్రమాదంలో మరణించారు. గవర్నర్ ఆ స్థానంలో చావెజ్‌ను నియమించారు. ఆయన ప్రమాణం చేస్తున్నప్పుడు కటింగ్ మిత్రులైన కొందరు సెనేటర్లు లేచి బయటకు వెళ్లిపోయారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో గెలిచి ఆ స్థానాన్ని ఆయన సొంతం చేసుకున్నారు. ఆయన్ను దేవుణ్ని చేయాల్సిన పనిలేదు. ఉపాధి పథకాన్ని రాజకీయాలకు వాడారన్న కేసులో 1938లో ఆయన బంధువులపై అభియోగాలు నమోదయ్యాయి. బంధుప్రీతి మచ్చ చివరిదాకా పోలేదు.

కానీ ఆయన్ను నేను గుర్తుంచుకునేది మరొకందుకు. 1941లో నల్లజాతి కార్మిక నాయకుడు ఫిలిప్ రాండాల్ఫ్ వాషింగ్టన్‌పైకి పాదయాత్ర చేస్తామని హెచ్చరించడంతో, రక్షణ పరిశ్రమల్లో వివక్షను నిషేధిస్తూ రూజ్వెల్ట్ ఉత్తర్వు ఇచ్చి ఒక కమిటీని వేశారు. దానికి కోరలు లేవు, యుద్ధం ముగిస్తే ఉనికీ లేదు. దాన్ని శాశ్వత చట్టంగా మార్చే బిల్లును 1944లో, మళ్లీ 1945లో చావెజ్ భుజాన వేసుకున్నారు. గనుల్లో, కర్మాగారాల్లో మెక్సికన్ మూలాలున్నవారిని మోటుపనికే పరిమితం చేస్తున్న తీరుపై ఆయన ఉపసంఘం వాంగ్మూలాలు సేకరించింది. బతాన్‌లో జపాన్‌కు పట్టుబడిన న్యూ మెక్సికో సైనికులు సుమారు 1,800 మంది. వారిలో ఎందరో హిస్పానిక్‌లు. సగం మందే ఇల్లు చేరారు. యుద్ధంలో చనిపోతే అమెరికన్లయ్యేవారు ఉద్యోగం అడిగితే మెక్సికన్లు ఎలా అవుతారన్నది ఆయన వాదన. న్యూ మెక్సికోలో నల్లజాతి ఓటర్లు చాలా తక్కువ. అయినా ఆ బిల్లు నల్లవారికీ యూదులకూ కూడా వర్తించేదే.

అదే కాలంలో, 1943లో, ఇక్కడ వైస్రాయ్ కౌన్సిల్‌లో ఉన్న అంబేడ్కర్ కేంద్ర ఉద్యోగాల్లో షెడ్యూల్డ్ కులాలకు 8.33 శాతం వాటా సాధించారు. చావెజ్ అడిగింది అంతకంటే చాలా తక్కువ. కోటా కాదు, రంగు చూసీ పుట్టుక చూసీ తిరస్కరించవద్దని మాత్రమే. ఆ కొంచెమూ ఆయన పార్టీకి మింగుడుపడలేదు. 1946 జనవరిలో బిల్లు సభ ముందుకు రాగానే దక్షిణాది డెమోక్రాట్లు ఫిలిబస్టర్‌కు దిగారు. ముందురోజు సభా వివరాల నమోదును సరిదిద్దాలన్న సాకుతో మూడు వారాలు మాట్లాడారు. చర్చ ముగించాలన్న తీర్మానానికి ఫిబ్రవరి 9న 48 ఓట్లు అనుకూలంగా, 36 వ్యతిరేకంగా పడ్డాయి. మెజారిటీ ఉంది, మూడింట రెండు వంతులు లేవు. వ్యతిరేకించిన 36 మందిలో ఎక్కువమంది డెమోక్రాట్లే. తన జనాన్ని ఏ పార్టీలోకి నడిపించారో ఆ పార్టీ చేతిలోనే చావెజ్ ఓడిపోయారు. మూడేళ్లకు, 1949లో, న్యూ మెక్సికో తన పరిధిలో అలాంటి చట్టం చేసుకుంది.

ఆ తర్వాతి కాలాన్ని క్లుప్తంగానే చెబుతాను. 1950లో మెకార్తీ భయం కమ్ముతున్న తొలినాళ్లలోనే సెనేట్‌లో దానికి ఎదురు నిలిచి మాట్లాడారు. 1952 ఎన్నికపై వచ్చిన ఫిర్యాదుతో ఆయన పదవి ఊడబోయి, 1954లో 53–36 ఓట్లతో నిలిచింది. 1960లో హిస్పానిక్ ఓటర్లను కెనెడీ వైపు సమీకరించిన ‘వీవా కెనెడీ’ సంఘాలకు ఆయన గౌరవ నాయకత్వం వహించారు. న్యూ మెక్సికోలో కెనెడీ గెలిచింది 2,294 ఓట్లతో.

1962 నవంబరు 18న చావెజ్ కన్నుమూశారు. అప్పటి రిపబ్లికన్ గవర్నర్ ఎడ్విన్ మీచెమ్ పదవికి రాజీనామా చేసి, ఖాళీ అయిన ఆ సెనేట్ స్థానంలో తానే నియమితుడయ్యారు. 1964 జూన్ 19న పౌరహక్కుల బిల్లు 73–27తో సెనేట్‌లో నెగ్గింది. ఉద్యోగాల్లో వివక్షను నిషేధిస్తూ, చావెజ్ ఇరవై ఏళ్ల ముందు అడిగిన కమిషన్‌ను ఏర్పరచేది అందులోని ఏడో అధ్యాయం. చావెజ్ కూర్చున్న స్థానం నుంచి ఆ బిల్లుకు పడింది వ్యతిరేక ఓటు. ఆ నవంబరులో న్యూ మెక్సికో ఓటర్లు మీచెమ్‌ను ఓడించి జోసెఫ్ మోంటోయాను సెనేట్‌కు పంపారు.