జి.డి. నాయుడు: విప్పి చూసినవాడు

ఇంట్లో కంప్యూటర్‌ను ఎవరికి వారు బాగుచేసుకునే కిటుకుల మీద నాలుగు పేజీలు రాసిపెట్టమని యూనియన్ సోదరులు అడిగారు. కాదనడానికి నాకేటి అభ్యంతరం? ఈ కాలేజీలోనే ఫిజిక్సు చదివి, మా కోటబొమ్మాళి చేరి, పగలు పాఠాలు చెప్పుకుంటూ, సాయంత్రాలు వీధి అరుగు మీద ఇరుగుపొరుగు గుంటల కంప్యూటర్లు విప్పుకుంటూ కాలం గడుపుతున్నవాణ్ణి. అయితే కిటుకు చేతికి రావాలంటే ముందు చేతికి ధైర్యం రావాలి. ఆ ధైర్యం ఎలాంటిదో చెప్పడానికి నాకు ఒక మనిషి జీవితం కంటే మంచి దారి కనిపించలేదు. ఆయన మన తెలుగువాడే, కాకపోతే తమిళదేశంలో పుట్టినవాడు. కంప్యూటరు మామూలు ఇళ్లలోకి రాకముందే కన్నుమూశారు. అయినా ఈ విద్యకు ఆయన్నే గురువుగా భావిస్తాను.

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో జన్మించారు. వ్యవసాయ కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. తల్లి చిన్నతనంలోనే పోయింది. పిల్లవాడికి బడి ఒంటపట్టలేదు. చదువు ప్రాథమిక తరగతులతోనే ఆగిపోయింది. మన ఊళ్లలో ఇలాంటి కుర్రాణ్ణి చూసి పెద్దలు ఏమంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. పొలం పని చేసుకుంటున్న ఆ కుర్రవాడి కంట ఒకరోజు ఒక తెల్లదొర మోటారు సైకిలు పడింది. ఎద్దూ గుర్రమూ లేకుండా బండి పరుగెత్తడం ఆ పల్లెకు వింత. చూసినవాళ్లంతా ఆశ్చర్యపోయి ఇళ్లకు పోయారు. ఈ కుర్రవాడు మాత్రం అది ఎలా నడుస్తుందో తెలుసుకోవాలనుకున్నాడు.

తెలుసుకోవాలంటే బండి కావాలి, బండికి డబ్బు కావాలి. పల్లె విడిచి కోయంబత్తూరు వెళ్లి, హోటల్లో సర్వరుగా చేరి, కొన్నేళ్లు రూపాయి రూపాయి కూడబెట్టి, ఆ రడ్జ్ మోటారు సైకిలునే కొన్నారు. కొన్నవాడు ఎక్కి ఊరేగాలి కదా! ఈయన దాన్ని ముక్కముక్కలుగా విప్పేశారు. ఏ ముక్క ఏ పని చేస్తుందో చూసి, మళ్లీ బిగించారు. పాఠశాల లేదు, పుస్తకం లేదు, పక్కన నిలబడి చెప్పేవాడు లేడు. విప్పడమే చదువు, బిగించడమే పరీక్ష. ఆ తర్వాత ఆయన మెకానిక్ అయ్యారు.

మిత్రులారా, మన అరుగు మీది విద్య కూడా అక్షరాలా ఇదే. ల్యాప్‌టాప్ అడుగుమూత తీసేముందు ముఖ్యమైన ఫైళ్లన్నీ వేరేచోట కాపీ చేసుకోండి. కరెంటు తీగ పీకి, బ్యాటరీ కనెక్షను తప్పించండి. తీసిన ప్రతి స్క్రూనూ ఒక కాగితం మీద, అది వచ్చిన చోటు గీసుకుని, అక్కడే పెట్టండి. స్విచ్చి వేస్తే తెర వెలగకుండా కూతలు మాత్రమే వినిపిస్తే, ర్యామ్ ముక్క తీసి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్లీ పెట్టండి. చాలాసార్లు అంతటితో లేచి కూర్చుంటుంది. డెస్క్‌టాప్‌లో తారీకు రోజూ వెనక్కి పోతుంటే లోపల రూపాయి బిళ్లలాంటి సి.ఆర్. 2032 బ్యాటరీ అయిపోయిందన్నమాట. వేడెక్కి ఆగిపోతుంటే ఫ్యానులో దుమ్ము చూడండి. నత్తలా నడుస్తుంటే పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్.ఎస్.డి. వేయండి, ముసలి ఎద్దుకు కొత్త కాళ్లు వచ్చినట్టుంటుంది. ఒక్కచోట మాత్రం చెయ్యి పెట్టకండి: కరెంటు తీసేశాక కూడా పవర్ సప్లై డబ్బా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది. ధైర్యం వేరు, తెగింపు వేరు.

ఇక నాయుడుగారి కథకు వద్దాం. 1920లో రాబర్ట్ స్టేన్స్ దొర సాయంతో ఒక బస్సు సంపాదించి పొల్లాచ్చి, పళనిల మధ్య స్వయంగా నడిపారు. ఆ ఒక్క బస్సే కొద్ది సంవత్సరాల్లో యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద సంస్థ అయింది. డబ్బు వచ్చాక చాలామందికి స్క్రూడ్రైవరు పట్టడం నామోషీగా ఉంటుంది. ఈయనకు అది పట్టలేదు. గడ్డం గీసుకోవడానికి పొడి బ్యాటరీతో తిరిగే చిన్న మోటారు పెట్టి రాసంట్ అనే రేజరు రూపొందించారు. అది జర్మనీలోని హైల్‌బ్రాన్‌లో తయారైంది. అతి పలచని బ్లేడ్లు, పండ్లరసం తీసే పరికరం, కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను, మోసానికి వీల్లేని ఓట్ల యంత్రం, ఇలా ఎన్నో. ఆయన సంస్థలో డి. బాలసుందరం నాయుడు 1937లో మన దేశపు తొలి విద్యుత్ మోటారు తయారుచేశారు. అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే ఇవ్వగలనని 1941లో ఈయన ప్రకటించారు. ఈ జాబితాలో అధికభాగం సామాన్యుడి ఇంట్లో, సామాన్యుడి చేతిలో ఉండవలసిన వస్తువులేనని గమనించండి.

విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన ఘట్టం 1945 నాటిది. బడి మానేసిన ఆ మనిషే కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజనీరింగు కాలేజీ స్థాపనకు మూలపురుషుడై ప్రిన్సిపాలు కూడా అయ్యారు. నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాలకు అదే బీజం. నాలుగేళ్ల కోర్సులో చాలా భాగం కాలహరణమని ఆయన అభిప్రాయం. రెండేళ్లు చాలునని ప్రతిపాదించారు. ఆనాటి ఆంగ్ల ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన ప్రిన్సిపాలు పదవి వదిలేశారు. ఈ విషయంలో ఆయనతో నేను పూర్తిగా ఏకీభవించను. ఓమ్ సూత్రం తెలియకుండా ఎన్ని మోటార్లు విప్పినా అది సగం చదువే. కానీ ఓమ్ సూత్రం పరీక్షలో రాసి, ఇంట్లో ఫ్యూజు పోతే ఎలక్ట్రీషియన్ కోసం ఎదురుచూసే పట్టభద్రుణ్ణి చూసినప్పుడల్లా నాయుడుగారి కోపంలో న్యాయం కనిపిస్తుంది. మన లేబొరేటరీల్లో పరికరాలు బీరువాలో తాళంవేసి ఉన్నంతకాలం ఆ కోపం మనకూ వర్తిస్తుంది.

1952లో ఆయన ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు తయారుచేశారు. ఖరీదు 2,000 రూపాయలు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు, కారు ఆగిపోయింది. తయారుచేయగల చేతులున్నా తలుపు మూసి ఉంటే ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. ఈనాడు ఆ తలుపు వేరే రూపంలో మూసుకుంటోంది. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్‌ను బోర్డుకే సోల్డరు చేసేస్తున్నారు. బ్యాటరీని జిగురుతో అంటించేస్తున్నారు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు కంపెనీ మామూలు మద్దతు ఆగింది. విండోస్ 11 అడిగే హంగులు లేక, బాగా పనిచేస్తున్న పాత యంత్రాలెన్నో పక్కన పడుతున్నాయి. మా ఊళ్లో ఒక ల్యాప్‌టాప్ అంటే అమ్మ చీటీ పాడిన డబ్బు, నాన్న వలసపోయి పంపిన డబ్బు. దాన్ని మూలన పారేయమనడం ఎంత మాట! 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన లినక్స్ ఉచితంగా దొరుకుతుంది. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, ముందు డిస్కు ముట్టకుండానే నడిపి చూసి, నచ్చితే వేసుకోవచ్చు. పాత యంత్రం మరికొన్నేళ్లు సేవ చేస్తుంది. వస్తువును బాగుచేసుకునే హక్కు కోసం మన కేంద్ర ప్రభుత్వం కూడా 2022లో ఒక పోర్టల్ తెరిచింది. హక్కు కాగితం మీద ఉంటే చాలదు, దాన్ని వాడుకునే చెయ్యి కావాలి.

నాయుడుగారి కుతూహలం యంత్రాలతో ఆగలేదు. పత్తి, మొక్కజొన్న, బొప్పాయిల్లో కొత్త రకాలు పండించారు. ఆ తోటను సి.వి. రామన్, విశ్వేశ్వరయ్యగార్లు వచ్చి చూశారు. 1967లో పునాది నుంచి మొదలుపెట్టి 11 గంటల్లో ఇల్లు కట్టించారు. యంత్రాల ప్రదర్శనశాల ఒకటి నెలకొల్పారు. 1974 జనవరి 4న కన్నుమూశారు.

సరిగ్గా ఆ తర్వాతి ఏడాది, 1975 జనవరిలో, అమెరికాలో ఒక పత్రిక ముఖచిత్రంగా ఆల్టెయిర్ 8800 వెలువడింది. భాగాలన్నీ డబ్బాలో తెప్పించుకుని, ఇంట్లోనే సోల్డరు చేసి బిగించుకునే కంప్యూటరు. అదే మార్చిలో కాలిఫోర్నియాలో కొందరు ఔత్సాహికులు ఒక గ్యారేజీలో కూడి హోమ్‌బ్రూ క్లబ్బు పెట్టుకున్నారు. వాళ్లలో ఒకడైన వోజ్నియాక్ 1976లో ఆపిల్ తొలి బోర్డు చేశాడు. పెద్ద పెద్ద గదుల్లో ఉండే యంత్రం ఇంటి బల్ల మీదికి దిగివచ్చింది ఇలాంటి విప్పి బిగించే చేతుల వల్లనే. ఓట్ల యంత్రం మాట తీసుకుంటే, 1982లో కేరళలోని పరవూరు ఎన్నికలో మన దేశం తొలిసారి ఎలక్ట్రానిక్ యంత్రం వాడింది. అలాంటివి తయారుచేసే రెండు ప్రభుత్వ సంస్థల్లో ఒకటి మన హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. ఇంకొక్క పదేళ్లు బతికి ఉంటే నాయుడుగారు వీటన్నిటినీ కొని, ఆ రాత్రికే విప్పేసి ఉండేవారని నా నమ్మకం!

సోదర సోదరీమణులారా, బడి మానేయడంలో ఆయన్ని అనుసరించకండి. కాలేజీ కట్టినవాడు కూడా ఆయనేనని మరువకండి. అనుసరించవలసింది ఆ చూపును. నరసన్నపేటకూ టెక్కలికీ మధ్య మా కోటబొమ్మాళిలాంటి ఊరు నుంచి వచ్చిన విద్యార్థికి పెద్ద లేబొరేటరీ అందకపోవచ్చు. ఒక పాత కంప్యూటరు, ఒక స్క్రూడ్రైవరు, ఒక పెన్సిల్ రబ్బరు అందుతాయి. మూత తీయండి, లోపల ఏముందో చూడండి, మళ్లీ బిగించండి. లోపలేముందో తెలిసిన రోజు నుంచే ఆ యంత్రం నిజంగా మీది.