గుడియాత్తం బాటలో ఐడా స్కడర్

ఐడా సోఫియా స్కడర్ 1870 డిసెంబరు 9న రాణిపేటలో జన్మించారు. తిండివనంలో పురుష వైద్యుని చూడనీయని ఆచారం మూలంగా ఒకే రాత్రి ముగ్గురు గర్భిణులు మరణించడం ఆమె జీవిత మార్గాన్నే మార్చివేసింది. 1899లో కార్నెల్‌లో వైద్యపట్టా పొంది వేలూరు చేరారు. 1902లో ఆసుపత్రి, 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల వెలిశాయి. అయినా గుడియాత్తం రోడ్డుపై చెట్ల నీడన ఆగి రోగులను చూసిన ఆమె వారపు ప్రయాణాలే పల్లెలకు ఎక్కువ మేలు చేశాయనాలి.

ఆనాడు 1860 నాటి శిక్షాస్మృతి 312వ సెక్షను ప్రకారం తల్లి ప్రాణరక్షణకు తప్ప గర్భస్రావం చేయించడం నేరం. చేయించుకున్న స్త్రీకి కూడా శిక్ష తప్పదు. ఐడా 1960లో కొడైకెనాల్‌లో కన్నుమూశారు. గర్భవిచ్ఛిత్తి చట్టం 1971లో వచ్చి, 1972 ఏప్రిల్ 1 నుండి అమలైంది. 2021 సవరణ కొన్ని వర్గాల స్త్రీలకు గడువును 24 వారాలకు పెంచింది. ఈ చట్టం అర్హత గల వైద్యులకే అనుమతినిస్తుంది; అట్టి వైద్యులు నేటికీ అనేక పల్లెలకు బస్సు ప్రయాణమంత దూరంలో ఉన్నారు.