ఆంగ్లభాషాధ్యాపకులుగ శ్రీ గురజాడ అప్పారావు పంతులుగారు

పిల్లల యింగ్లీషు చదువునకై కుటుంబములు తమ శక్తికి మించి వ్యయము చేయుచున్న యీ దినములలో, ఆ భాషను స్వయముగ బోధించి, ఆ బోధనలోని లోపములను లోకమునకు జూపిన మహనీయుని స్మరించుట యుచితమని తలంచి, మహాకవి గురజాడ వేంకట అప్పారావు పంతులుగారి జీవితమును సంగ్రహముగ విన్నవించుచున్నాము. వారు ఏ యొక్క కులమువారి సొత్తును గారు, ఆంధ్రులందఱి సొత్తు.

పంతులుగారు 1862వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీని, నాటి విశాఖపట్టణ మండలములో యలమంచిలికి చేరువనున్న రాయవరమున జనించిరి. తండ్రి వేంకటరామదాసుగారు; తల్లి కౌసల్యమ్మగారు. బాల్యమున చీపురుపల్లియందు జదివి, పిమ్మట విజయనగరము జేరిరి. అచటి మహారాజావారి కళాశాలాధ్యక్షులగు చంద్రశేఖరశాస్త్రిగారు వీరికి భోజనవసతుల నొసంగి యాదరించిరి. ఒక విద్యార్థికి జేసిన యా సాయము ఆంధ్రదేశమునకే యుపకారమైనది.

వీరు 1882లో మెట్రిక్యులేషనును, 1884లో ఎఫ్.ఏ.ను, 1886లో బి.ఏ.ను జయప్రదముగ ముగించిరి. 1884లో 25 రూపాయల జీతముపై ఉన్నత పాఠశాలలో నుపాధ్యాయులైరి. తరువాత కళాశాలలో ఇంగ్లీషు వ్యాకరణము, సంస్కృత సాహిత్యము, భాషాంతరీకరణము, గ్రీకు రోమను చరిత్రములు బోధించిరి.

ఇంగ్లీషున వీరి ప్రజ్ఞ యసాధారణము. 1883లో, విద్యార్థిగ నుండగనే, వీరి ఇంగ్లీషు కావ్యము సారంగధర ఇండియన్ లీషర్ అవర్ పత్రికలో వెలువడెను. దానిని కలకత్తాలో పునర్ముద్రించిన శంభుచంద్ర ముఖర్జీగారు మెచ్చుకొనుచునే, మాతృభాషలో వ్రాయుడని హితము చెప్పిరి. ఆ హితమును వీరు పాటించిరి.

1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చుపడి, 1909లో సమూలముగ మార్పు చెందిన కన్యాశుల్కమున నాటి ఇంగ్లీషు చదువు మన కన్నులకు గట్టును. పరీక్ష తప్పిన వేంకటేశము, సెలవులకు గురువు గిరీశమును వెంట దెచ్చుకొని యిల్లు చేరును. కుమారుని చదువు చూడగోరిన తల్లి, ఇంగ్లీషులో మాటలాడుడని యడుగగా, గురుశిష్యులిరువురును పొంతనలేని ముక్కలను గడగడ వల్లించెదరు. అర్థమెఱుగని యా యిల్లాలు మురిసిపోవును. ఈ పరిహాసము ఇంగ్లీషు భాషపై గాదు. అర్థము లేని శబ్దమును విద్యయని యమ్ముటపై. తరగతి గదిని లోపలినుండి యెఱిగిన యధ్యాపకుడు గావుననే యంత సూటిగ జూపగలిగిరి.

పిదప పాఠశాలల ఇన్‌స్పెక్టరగు యేట్సు దొరగారు, విశాఖపట్టణమున ఏ.వి.ఎన్. కళాశాలాధ్యక్షులు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, పర్లాకిమిడిలో నుపాధ్యాయులు గిడుగు రామమూర్తి పంతులుగారు, అప్పారావు పంతులుగారు ఏకాభిప్రాయులై బోధనా సంస్కరణమునకు బూనిరి. ఇంగ్లీషును నేటి యింగ్లీషువారు మాటలాడు రీతిని నేర్పుచు, తెలుగును మాత్రము ఎవ్వరును పలుకని భాషగ నేర్పుట యేల యని వీరి ప్రశ్న. మద్రాసు విశ్వవిద్యాలయమునకు వీరు 1914లో సమర్పించిన అసమ్మతి పత్రమున కిదియే మూలము. ఆనాడు వారి పక్షము నెగ్గలేదు. 1915 నవంబరు 30వ తేదీని వారు పరమపదించిరి. మా వ్రాత గ్రాంథికమైనను, వారి వాదములోని సత్యము మాకు సమ్మతమే.

1933లో నౌకాశ్రయము ప్రారంభమై, పిదప ఉక్కు కర్మాగారమును వెలసిన విశాఖ నగరమున ఇంగ్లీషుయొక్క యుపయోగము నెవరు కాదనగలరు? మన బాలబాలికలు దానిని చక్కగ నేర్వవలసినదే. కాని బిడ్డ ఇంగ్లీషు పద్యము నప్పగించినపుడు ఆ తల్లివలె మురిసి యూరకుండక, దాని భావమును తెలుగున జెప్పుమని యడుగవలెను. చెప్పగలిగిన బిడ్డకు చదువు వచ్చినట్లు. చెప్పలేనిచో మన ధనము వ్యర్థమైనట్లు. పోషకులు విద్యార్థి వేతనముల నిచ్చునపుడు చంద్రశేఖరశాస్త్రిగారి యౌదార్యమును, పరీక్షించునపుడు పంతులుగారి దృష్టిని తలంతురుగాక యని ప్రార్థించుచున్నాము.