అజరయ్య బిషప్పు గారు – పొరుగువారు చూచిన విశ్వాసము



ఈ శతవార్షిక సంచికకు అజరయ్య బిషప్పు గారిని గూర్చి వ్రాయమని కమిటీవారు అడిగినప్పుడు నేను మొదట వెనుకాడాను. ఆయనను గూర్చి పండితులు పెద్ద పుస్తకములే వ్రాశారు. నేను ఆటోనగర్‌లో లేత్ మిషను మీద బ్రతికినవాడను. అయినా ఒప్పుకొన్నాను. కారణమొకటి ఉన్నది.

మా షెడ్డు ప్రక్కన లారీ బాడీలు కట్టే మేస్త్రి గారొకరు ఉండేవారు. క్రైస్తవులు కారు. ఒకనాడు టీ త్రాగుతూ ఆయన నన్నొక మాట అడిగారు. మీరు ఆదివారము గుడికి పోతారు, మేము పోము. సోమవారము షట్టరు ఎత్తిన తరువాత మీకూ మాకూ తేడా ఏమిటి అని. వెటకారముగా అడుగలేదు, తెలుసుకొందామనే అడిగారు. నాకు జవాబు రాలేదు. ఆ వారములోనే నేనొక లారీ ఓనరు గారి బండికి పాత బేరింగు కడిగి వేసి, క్రొత్తదాని ధర పుచ్చుకొన్నాను. మేస్త్రి గారు అది చూచి అడిగారో, చూడకనే అడిగారో నాకు నేటికీ తెలియదు. ఆ ప్రశ్న పట్టుకొని అజరయ్య గారి జీవితము చదివినప్పుడు, ఆయన తన జీవితమంతా ఆ ప్రశ్నకే జవాబు వెదకినట్లు నాకు తోచింది.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లా వెల్లాలన్‌విళై గ్రామములో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయకం గారు పల్లెటూరి గురువు. తల్లి ఎంతో కాలము ప్రార్థించిన మీదట కలిగిన కుమారుడు గనుక శామ్యూల్ అని పేరు పెట్టారు. బాల్యములోనే తండ్రి పోయారు. తల్లి గట్టి క్రమశిక్షణతో పెంచింది. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు గాని పట్టము పుచ్చుకోకుండానే బయటకు వచ్చారు. 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి, దక్షిణ దేశమంతా తిరుగుతూ యువకుల మధ్య పనిచేశారు.

1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహము చేసుకొన్నారు. కాలేజీ చదువు చదివిన తొలితరము క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. ఈ పెండ్లిని గూర్చి కొంచెము ఆగి చెప్పాలి. అజరయ్య గారు కట్నము అడుగలేదు. ఖర్చు కూడ బహు స్వల్పముగా ముగించారు. అప్పటికి ఆయన బిషప్పు కారు, పేరున్న బోధకులు కూడ కారు, ఇరువదినాలుగేండ్ల యువకుడు. కట్నము మీద ప్రసంగము చేయుట సులభము. పెండ్లికొడుకుగా ఉన్న దినమున చేయి చాపకుండా ఉండుట వేరు. మన కృష్ణా జిల్లాలో కట్నముల రేటు ఎట్లుంటుందో, అందులో మన విశ్వాసుల ఇండ్లు ఏ మాత్రము వెనుకబడి లేవో మీకు తెలియనిది కాదు. నా పెద్ద కుమారుని పెండ్లి నాడు నేనూ లెక్క వేసుకొన్నవాడినే. అందుచేత ఈ సంగతి వ్రాయునప్పుడు నా కలము కొంచెము తడబడింది.

1902లో ఆయన యాఴ్పాణము, అనగా జాఫ్నా, వెళ్ళారు. అక్కడి తమిళ సంఘములవారు తమ సొంత డబ్బుతో పరాయి చోట్లకు సువార్తికులను పంపుచుండుట చూచారు. అంత పెద్ద తిరునెల్వేలి సంఘము అటువంటి పని చేయకపోవుట ఆయనకు సిగ్గనిపించింది. మరుసటి ఏడు, 1903 ఫిబ్రవరిలో, తిరునెల్వేలి ఇండియన్ మిషనెరీ సొసైటీ ఏర్పడింది. విదేశపు డబ్బు లేదు, విదేశపు పెత్తనము లేదు. వారు ఎన్నుకొన్న పొలము మన తెలుగుదేశమే. నిజాము రాజ్యములోని డోర్నకల్లు. బెజవాడ నుండి సికింద్రాబాదు పోయే రైలుదారిలో, ఖమ్మం దాటిన తరువాత వచ్చే జంక్షను అది.

ఇతరులను పంపుటతో ఆయన మనస్సు ఊరుకోలేదు. ఊరూరా తిరిగి యువకులను మిషనెరీలుగా పొమ్మని చెప్పుచు తాను పోకుండుట ఎట్లా? 1909లో గురు అభిషేకమునకు సిద్ధపడి తానే డోర్నకల్లు వచ్చారు. అప్పటికి వయస్సు ముప్పదియైదేండ్లు. వై.ఎం.సి.ఎ.లో గౌరవమైన ఉద్యోగము, మద్రాసులో పరిచయములు అన్నీ వదలి, గుడారములో కాపురము పెట్టి, పిల్లలతో పాటు తెలుగు అక్షరములు దిద్దారు. మాలమాదిగ పల్లెలకు ఎడ్లబండిలో పోయేవారు. మరుసటి ఏడు, 1910లో, ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనెరీ మహాసభలో నిలిచి తెల్లవారి ముఖము మీదనే ఒక సంగతి చెప్పారు. మీరు మాకొరకు ఆస్తులిచ్చారు, ప్రాణములిచ్చారు గాని మమ్మును స్నేహితులుగా ఎంచలేదు అన్నదే ఆ ప్రసంగపు సారము. సభలో కొందరికి కోపము వచ్చింది. అయినా ఆ సభ పేరెత్తగానే నేటికీ జ్ఞాపకమునకు వచ్చునది ఆ ప్రసంగమే.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కతీడ్రలులో ఆయనకు బిషప్పు అభిషేకము జరిగింది. ఆంగ్లికన్ సంఘములో మొట్టమొదటి భారతీయ బిషప్పు ఆయనే. ఇంగ్లీషు మిషనెరీలు ఒక భారతీయుని అధికారము క్రింద పనిచేయగలరా అన్న సందేహము చాలమందికి ఉండెను. మనవారిలోనూ ఒప్పుకోనివారున్నారు. మద్రాసు బిషప్పు వైట్‌హెడ్ గారు పట్టుబట్టి నిలిచినందువలన అది జరిగింది. మొదట ఆయనకు ఇచ్చినది చిన్న మండలము. 1920 దశకము ఆరంభములో సి.ఎం.ఎస్. వారి కృష్ణా ప్రాంతపు సంఘములు, బందరు, బెజవాడ, ఏలూరుతో సహా, ఆయన క్రిందికి వచ్చాయి. అట్లు ఆయన మనకు కూడ బిషప్పు గారైనారు.

ఇక్కడ మన ప్రాంతపు పాత సంగతి ఒకటి జ్ఞాపకము చేసుకోవాలి. అజరయ్య గారు పుట్టక మునుపే, రాఘవాపురము మాలపల్లెకు చెందిన పగోలు వెంకయ్య గారు విగ్రహముల మీద నమ్మకము పోయి, నిజమైన దేవుడెవరో తనకు కనబరచుమని సుమారు మూడేండ్లు ప్రార్థించారు. బెజవాడలో కృష్ణ ఒడ్డున ఉత్సవమునకు వచ్చినప్పుడు డార్లింగ్ దొరగారిని గూర్చి విని ఆయన యొద్దకు పోయారు. 1859లో వెంకయ్య గారు, ఆయనవారు బాప్తిస్మము పొందారు. తరువాత జీతము లేకుండానే చుట్టుప్రక్కల పల్లెలకు తన సాక్ష్యము చెప్పుచు తిరిగారు. మన సంఘములలో ఎన్నో ఆ దారిన పుట్టినవే. కాబట్టి అజరయ్య గారు ఇక్కడకు వచ్చేసరికి నేల దున్నియే ఉన్నది. ఆయన ముందున్న చిక్కు వేరు. పల్లెలకు పల్లెలే బాప్తిస్మము అడుగుచున్నవి. గుంపుగా వచ్చినవారిలో ఒక్కొక్కరి విశ్వాసము వారి సొంతమగుట ఎట్లు?

ఆయన మార్గము చాల సాదాగా ఉండెను. చదువురాని వారికి ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణము, పది ఆజ్ఞలు కంఠతా వచ్చేవరకు ఉపదేశి నేర్పాలి. పగలంతా కామందు పొలములో పనిచేసి వచ్చిన వారు రాత్రి దీపము దగ్గర కూడాలి. పాటలు, భజనలు తెలుగు రాగములలోనే ఉండాలి. అక్కడితో సరిపోదు. కల్లు మానాలి. చచ్చిన గొడ్డు మాంసము తినుట మానాలి. దొంగతనము, బాల్యవివాహము మానాలి. బిడ్డలను బడికి పంపాలి. బాప్తిస్మము పొందునప్పుడు ఒక్కొక్కరు తమ చేతిని తమ తలపై పెట్టుకొని, సువార్త చెప్పకపోతే తమకు శ్రమ అని పౌలు గారు కొరింథీయులకు వ్రాసిన మాటను తమ మాటగా పలికేటట్లు చేసేవారు. సువార్త చెప్పుట జీతగాండ్ర పని కాదు, నిన్న బాప్తిస్మము పొందిన పాలేరు పని కూడ అదే అని ఆయన ఎంచారు. ఏటేటా సాక్ష్య వారము జరిపించి, ఆ వారములో కూలివారు, స్త్రీలు, పిల్లలు అందరూ చుట్టుప్రక్కల ఊళ్ళకు పోయేటట్లు ఏర్పాటు చేశారు.

కానుక విషయములోనూ అంతే. పేదవారు కదా, వారి దగ్గర ఏముంటుంది అని ఆయన ఎన్నడూ వారిని తప్పించలేదు. అన్నము వండబోవునప్పుడు కొలిచిన బియ్యములో నుండి పిడికెడు తీసి వేరే కుండలో వేయుట అనే అలవాటు ఆయన మండలములోని స్త్రీలలో పాతుకొన్నది. ఆదివారము ఆ బియ్యము గుడికి వచ్చేది. గింజలే కూలిగా దొరికే ఇంటిలో ఆ పిడికెడు అంటే ఎంతో, ఆకలి ఎరిగినవారికి తెలుస్తుంది. పైగా అది వారమునకొకసారి ఇచ్చునది కాదు, పొయ్యి వెలిగించిన ప్రతిసారీ జ్ఞాపకము వచ్చునది. క్రైస్తవ దాతృత్వమును గూర్చి ఆయన వ్రాసిన చిన్న పుస్తకము తరువాత అనేక భాషలలోనికి పోయింది. నా మట్టుకు ఆ పుస్తకము కంటె ఆ కుండయే పెద్దదిగా కనబడుతుంది. మా అమ్మగారి వంటింటి మూలలోనూ అటువంటి కుండ ఉండేది. ఇంట్లో బియ్యము నిండుకొన్నా, చిన్నపిల్లలమైన మేము దానిలో చేయి పెట్టడానికి జంకేవారము.

అన్బు మరియమ్మాళ్ గారి మాట ఎవరూ అంతగా ఎత్తరు. స్త్రీల మధ్య ఆమె చేసిన పని లేకపోతే ఆ కుండ ఏ ఇంటిలోనూ ఉండేది కాదని నా నమ్మకము. పురుషులు ఒప్పుకొన్నది గుడిలో నిలుస్తుంది, స్త్రీలు ఒప్పుకొన్నది ఇంటిలో నిలుస్తుంది.

ఇప్పుడు మేస్త్రి గారి ప్రశ్నకు వస్తాను. 1920 దశకము చివర నుండి మన తెలుగు ప్రాంతములో ఒక విచిత్రము జరిగింది. మాలమాదిగల మతమని దూరముగా ఉన్న రైతు కులములవారు, ఇతర శూద్ర కులములవారు కూడ వేలకొలదిగా సంఘములోనికి రాసాగారు. కారణమేమని అడిగినవారికి, తమ పొలములలో పనిచేసేవారి నడతలో కలిగిన మార్పును చూచామని చాలమంది చెప్పారు. అజరయ్య గారు ఈ సంగతి దేశవిదేశములలో పదేపదే చెప్పేవారు. 1933లో వాస్కమ్ పికెట్ గారు ప్రకటించిన సమూహ ఉద్యమముల పరిశీలన గ్రంథములో కూడ ఇది కనబడుతుంది. ప్రసంగీకులు గాని ఆసుపత్రులు గాని చేయలేనిది త్రాగుడు మానిన పాలేరు చేశాడు. ధాన్యపు కుప్పకు కావలి పెట్టితే గింజ పోలేదు. ఇల్లు శుభ్రమైంది. బిడ్డ పలక పట్టుకొని బడికి పోయాడు. కామందు ఇదంతా అరుగు మీద కూర్చొని చూచాడు. ఆ పాలేరుకు తనను ఎవరో పరీక్షించుచున్నారన్న సంగతే తెలియదు.

గాంధీ గారు ఈ లెక్కలను ఒప్పుకోలేదు. పేద హరిజనులను మతము మార్చుటను 1930లలో ఆయన తన పత్రికలో గట్టిగా ఆక్షేపించారు. అజరయ్య గారి పేరు కూడ అందులో వచ్చింది. అంతమాత్రమున అజరయ్య గారు దేశాభిమానము లేనివారు కారు. ఖద్దరు కట్టినవారికంటె ఆయన తక్కువ భారతీయుడని ఎవరనగలరు? 1932లో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు ఇచ్చినప్పుడు, సంఘము తన లాభము కొరకు దేశము నుండి వేరుగా నిలువరాదని ఆయన దానిని వ్యతిరేకించారు. మనవారికి సీట్లు దొరికే దారిని మన బిషప్పు గారే కాదన్నారన్న మాట.

అన్నిటిలోను ఆయన గెలిచారని వ్రాస్తే అబద్ధమౌతుంది. ఒకే సంస్కార గిన్నె నుండి త్రాగిన మాల క్రైస్తవులు, మాదిగ క్రైస్తవులు గుడి దాటిన తరువాత ఒకరి ఇంట ఒకరు పిల్లనిచ్చుకొనుటకు ఒప్పుకోలేదు. కులము మీద ఆయన ఎంత గట్టిగా చెప్పినా ఆ గోడ కూలలేదు. ఇప్పటికైనా మన పెండ్లి సంబంధములు చూచుకొంటే, ఆయన వదలిపెట్టిన చోటునుండి మనము ఎంత దూరము వచ్చామో తెలుస్తుంది.

డోర్నకల్లులో ఎపిఫనీ కతీడ్రలు ఏండ్ల తరబడి కొంచెము కొంచెముగా కట్టబడి, 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడింది. గుమ్మటములు చూస్తే మసీదు, స్తంభములు చూస్తే దేవాలయము జ్ఞాపకమునకు వస్తాయి. ఇంగ్లాండు చర్చి నకలు కాకుండా, పల్లె నుండి వచ్చిన విశ్వాసికి ఇది నా దేశపు గుడి అనిపించాలని ఆయన కోరిక. చూడనివారు ఒకసారి చూచి రావలసినది.

సంఘములు వేర్వేరు మిషనుల పేర్లతో చీలియుండుట ఆయనను చివరివరకు బాధించింది. 1919లో తరంగంబాడి సమావేశముతో మొదలైన ఐక్యతా ప్రయత్నములో పాతికేండ్లు పనిచేశారు. ఒకే దేవుని గూర్చి చెప్పుచు ఒకే ఊరిలో వేరువేరుగా ఆరాధించితే పొరుగువాడు ఏమనుకొంటాడని ఆయన దిగులు. 1945 జనవరి 1న డోర్నకల్లులో ప్రభువునందు నిద్రించారు. అప్పటికి మండలములో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది. ఆయన దానిని చూడలేదు. మన కృష్ణా సంఘములు అప్పుడే డోర్నకల్లు నుండి వేరై సొంత అధ్యక్ష మండలముగా నిలిచాయి.

బేరింగు డబ్బు నేను తరువాత ఆ లారీ ఓనరు గారికి తిరిగి ఇచ్చాను. ఆయన నవ్వి, జేబులో వేసుకొని, ఏమీ అనకుండా బండి ఎక్కారు. మేస్త్రి గారు ఆ పూట షెడ్డులో లేరు.