నిప్పురవ్వను నమ్మిన విజేత - ఆల్బర్ట్ ఛాంపియన్

మోటారు వాహనంలో కంటికి కనిపించే భాగాలెన్నో ఉన్నా, పెట్రోలు ఇంజనుకు ప్రాణం పోసేది అరచేతిలో ఇమిడిపోయే స్పార్క్ ప్లగ్. సిలిండరులో గాలి, పెట్రోలు ఆవిరి కలిసిన మిశ్రమం ఒత్తిడికి లోనైన క్షణాన, ప్లగ్ కొనలోని సన్నని ఖాళీ గుండా వేల వోల్టుల విద్యుత్తు దూకి నిప్పురవ్వను పుట్టిస్తుంది. ఆ రవ్వతో మిశ్రమం మండి, ఇంజను కదులుతుంది. ఈ చిన్న సాధనాన్ని మహాపరిశ్రమగా తీర్చిదిద్దినవారిలో అగ్రగణ్యుడు ఆల్బర్ట్ ఛాంపియన్. తన ఇంటిపేరుతో ఒక సంస్థ వర్ధిల్లుతుండగా, ఆ పేరును తానే వాడుకోలేని విచిత్ర పరిస్థితి ఆయనకు ఎదురైంది.

ఆల్బర్ట్ ఛాంపియన్ 1878 ఏప్రిల్ 5న ఫ్రాన్సు దేశ రాజధాని ప్యారిస్‌లో ఒక పేద కుటుంబంలో జన్మించాడు. బాల్యంలోనే తండ్రిని కోల్పోవడంతో చిన్న వయస్సులోనే పనిలో చేరవలసివచ్చింది. సైకిళ్ల వ్యాపారంలో పనులు చేసిపెట్టే కుర్రవాడిగా జీవితం ప్రారంభించిన ఆయనకు సైకిలే సర్వస్వమైంది. పట్టుదలతో సాధన చేసి పందెగాడిగా పేరు తెచ్చుకున్నాడు. 1899లో, ఇరవై ఒకటవ ఏట, 260 కిలోమీటర్లకు పైబడిన ప్యారిస్ - రూబే పందెంలో ప్రథముడిగా నిలిచాడు. 'ఛాంపియన్' అంటే విజేత. ఇంటిపేరును ఆయన ఆ విధంగా సార్థకం చేసుకున్నాడు.

అనంతరం సైకిళ్ల తయారీదారు చార్లెస్ మెట్జ్ ప్రోత్సాహంతో అమెరికా చేరుకున్నాడు. మోటారు సైకిళ్ల వెనుక సాగే సైకిలు పందాలలోను, మోటారు సైకిలు పందాలలోను రాణించాడు. 1903లో మోటారు సైకిలుపై మైలు దూరాన్ని నిమిషంలోపే అధిగమించి ప్రేక్షకులను ఆశ్చర్యచకితులను చేశాడు. అదే సంవత్సరం న్యూయార్కులోని బ్రైటన్ బీచ్‌లో ప్యాకార్డ్ సంస్థ పందెపు కారు నడుపుతూ ఘోర ప్రమాదానికి గురయ్యాడు. తొడ ఎముక విరిగింది. గాయం మానినా ఒక కాలు రెండవదానికంటే పొట్టిదైంది. పందెగానికి కాళ్లే జీవనాధారం. అటువంటి వాడికి ఇంతకు మించిన ఆపద మరొకటి ఉండదు. అయినా ఆయన అధైర్యపడలేదు. 1904లో స్వదేశానికి వెళ్లి, ఆ కాలితోనే ఫ్రాన్సు జాతీయ పందెంలో గెలుపొందాడు.

శరీరబలం ఎల్లకాలం నిలువదని గ్రహించిన ఛాంపియన్ యంత్రాల వైపు దృష్టి మరల్చాడు. ఫ్రాన్సు నుంచి ఇంజను విడిభాగాలు తెప్పించి విక్రయిస్తూ, 1905లో బోస్టన్ నగరంలో స్ట్రానహాన్ సోదరుల పెట్టుబడితో తన పేరిట సంస్థను నెలకొల్పాడు. ఆనాటి ప్లగ్గులలోని పింగాణీ ఇంజను వేడికి తరచు పగిలిపోయేది. పగిలిన చోట విద్యుత్తు దారి తప్పితే రవ్వ పుట్టదు, ఇంజను ఆగిపోతుంది. వేడికి, ఒత్తిడికి తట్టుకొని విద్యుత్తును అదుపులో ఉంచే ప్లగ్గును తయారుచేయడమే అప్పటి తయారీదారుల ముందున్న సవాలు.

1908లో బ్యూక్ కార్ల సంస్థ అధిపతి విలియం డ్యూరంట్ ఛాంపియన్ నేర్పును గుర్తించాడు. జనరల్ మోటార్స్ స్థాపకుడు ఆయనే. ఆయన ఆహ్వానంపై ఛాంపియన్ మిచిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ పట్టణానికి తరలివెళ్లి, బ్యూక్ కర్మాగారంలో ఒక మూల ఉత్పత్తి ప్రారంభించాడు. బోస్టన్ సంస్థ మాత్రం స్ట్రానహాన్ సోదరుల చేతిలోనే ఉండిపోయింది. వారు దానిని 1910లో ఒహాయో రాష్ట్రంలోని టొలీడో నగరానికి తరలించి, 'ఛాంపియన్' పేరుతోనే ప్లగ్గులు తయారుచేశారు.

ఒకే పేరుపై రెండు సంస్థలు నడవడంతో వివాదం చెలరేగింది. చివరకు 1922లో ఫ్లింట్ సంస్థ పేరు మారింది. ఛాంపియన్ తన పేరులోని తొలి అక్షరాలతో దానికి 'ఏ.సి. స్పార్క్ ప్లగ్ కంపెనీ' అని నామకరణం చేశాడు. పుట్టుకతో వచ్చిన పేరు వ్యాపారంలో పరాయిదైనా ఆయన కుంగిపోలేదు. పేరు మారినా పనిలో నాణ్యత మారకూడదని భావించి, ప్లగ్గులతోపాటు వేగాన్ని తెలిపే స్పీడోమీటర్లు, నూనెను, గాలిని శుభ్రపరిచే సాధనాలు కూడా ఉత్పత్తి చేయించాడు.

1927 మేలో చార్లెస్ లిండ్‌బర్గ్ న్యూయార్కు నుంచి ప్యారిస్‌కు ముప్పై మూడున్నర గంటలపాటు ఆగకుండా ఒంటరిగా విమానం నడిపాడు. ఆ విమానపు ఇంజనులో అమర్చినవి ఏ.సి. ప్లగ్గులే. పేదబాలుడిగా ఛాంపియన్ తిరుగాడిన నగరానికి ఆయన ప్లగ్గులు ఆకాశమార్గాన చేరుకున్నాయి. అదే సంవత్సరం అక్టోబరులో, నలభై తొమ్మిదవ ఏట, ఆ ప్యారిస్‌లోనే ఆయన కన్నుమూశాడు.

ఆయన మరణానంతరం కూడా సంస్థ ఎదుగుదల ఆగలేదు. చంద్రునిపైకి మానవుని పంపిన అపోలో నౌకల మార్గనిర్దేశక వ్యవస్థ తయారీలో దాని నుంచి ఎదిగిన విభాగం పాలుపంచుకొంది. ఒకే వ్యక్తి పేరు నుంచి పుట్టిన రెండు వ్యాపారనామాలు నేటికీ విపణిలో నిలిచి ఉన్నాయి. కాలు విరిగితే కొత్త దారిని, పేరు పోతే కొత్త పేరును వెతుక్కున్న ఆల్బర్ట్ ఛాంపియన్ జీవితం, పట్టుదల గలవానికి పరాజయం తుదిమెట్టు కాదని నిరూపిస్తుంది.